గోడలోని పూడిక

పక్షవాతం వచ్చిన మనిషి ఎమ్మారై రిపోర్టులో ఒక్కోసారి పొసగని రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి. మెదడు లోతట్టున ఎడమవైపు సెంటీమీటరుకు పైగా కొత్తగా దెబ్బతిన్న భాగం కనిపిస్తోంది అన్నది ఒకటి. మెదడు రక్తనాళాలన్నీ మామూలుగానే ఉన్నాయి అన్నది రెండోది. ఇంట్లోవాళ్లు తికమక పడతారు. రక్తం అందకనే కదా ఆ భాగం దెబ్బతిన్నది? నాళాలన్నీ బాగుంటే రక్తం ఎందుకు అందలేదు? అడిగితే డాక్టరు, చిన్న నాళం ఏదో మూసుకుపోయి ఉంటుంది, అంత సన్నవి ఈ పరీక్షలో కనబడవు అంటారు. ఆ జవాబు చాలాసార్లు నిజమే. కొందరి విషయంలో మాత్రం అసలు దోషి చిన్న నాళం కాదు. బాగున్నట్టు కనిపిస్తున్న పెద్ద నాళం గోడలోనే అది నక్కి ఉంటుంది. బతికున్న మనిషిలో ఆ గోడను చూడగలగడం సుమారు గత ఇరవై ఏళ్లలో కుదిరిన పని.

ముందు కొలతలు చూద్దాం. మెడలోంచి పైకొచ్చే కెరోటిడ్ ధమని పుర్రెలోకి చేరాక చీలి, చెవి వైపుగా సాగే పాయ మధ్య మస్తిష్క ధమని. మెదడు నాళాల్లో ఇది పెద్దది. పెద్దదంటే ఎంతో అనుకునేరు, మొదట్లో దాని లోపలి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ నాళం పై అంచు, వెనక అంచుల నుంచి కొన్ని సన్నని కొమ్మలు పుట్టి నిటారుగా మెదడు లోతుల్లోకి చొచ్చుకుపోతాయి. వీటిని లెంటిక్యులోస్ట్రయేట్ ధమనులు అంటారు. నోరు తిరగని పేరు కనుక ఇక్కడ చొరబాటు నాళాలు అందాం. వీటి వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు నుంచి మహా అయితే ఒక మిల్లీమీటరు. మెదడు పైపొరల్లో ఒక దారి మూసుకుపోతే పక్క దారిన కొంతైనా రక్తం చేరుతుంది. ఈ లోతట్టు నాళాలకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఒక్కొక్కటీ తనకు అప్పగించిన కాస్త మెదడు భాగానికి ఏకైక ఆధారం. చిక్కేమిటంటే, చేతిని, కాలిని, ముఖాన్ని కదిలించమని మెదడు పంపే ఆజ్ఞలు మోసే తీగలన్నీ ఇరుకైన కట్టగా కలిసి దిగేది సరిగ్గా ఆ చోటి నుంచే. అక్కడ సెంటీమీటరు మేర పోతే ఒక పక్క మొత్తం పడిపోతుంది.

మెదడు రక్తనాళాలను బతికుండగా ఫోటో తీయవచ్చని మొదట చూపించినవాడు పోర్చుగల్ డాక్టరు ఎగాస్ మోనిజ్. రాజకీయాల్లో తిరిగి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్ శాంతి సభకు తన దేశం తరఫున వెళ్లి, ఆ తర్వాత మళ్లీ వైద్యానికి మళ్లిన మనిషి. ఎక్స్‌రేలను అడ్డుకునే ద్రవాన్ని మెడ ధమనిలోకి ఎక్కించి వెంటనే ఎక్స్‌రే తీయడం ఆయన ఉపాయం. తొలి ప్రయత్నాల్లో ఒక రోగి చనిపోయాడు. 1927లో లిస్బన్‌లో సోడియం అయొడైడ్ ద్రావణంతో పని నెరవేరింది. పుర్రె లోపలి ధమనులు కొమ్మలతో సహా ఫిల్ము మీద కనిపించాయి. 1949లో ఆయనకు నోబెల్ వచ్చింది గాని దీనికి కాదు. మానసిక రోగుల మెదడులో తీగలు కోసే శస్త్రచికిత్సకు వచ్చింది. ఆ శస్త్రచికిత్స ఇప్పుడు వైద్యచరిత్రకు తలవంపు. ఆయన ఎక్స్‌రే పద్ధతి, అంటే యాంజియోగ్రామ్, మాత్రం తొంభై ఏళ్లు దాటినా ఆస్పత్రుల్లో రోజూ జరుగుతోంది.

అయితే మోనిజ్ చిత్రంలో కనిపించింది నాళం కాదు, నాళంలో పారుతున్న ద్రవం. ఆ తర్వాత వచ్చిన సీటీ యాంజియోగ్రామ్‌ది కూడా అదే పని. ఎమ్మారై యాంజియోగ్రామ్ అయితే మందు కూడా ఎక్కించకుండా, కదిలే రక్తాన్నే వెలిగించి చూపిస్తుంది. అన్నిటిలోనూ మనం చూసేది ప్రవాహం ఆకారాన్నే. ఆ ఆకారం ఎక్కడైనా సన్నబడితే అక్కడ గోడ లోపలికి ఉబ్బిందని ఊహిస్తాం. సన్నబడకపోతే గోడ బాగుందని ఊహిస్తాం. ఈ రెండో ఊహ తప్పు కావచ్చని 1987లో షికాగో విశ్వవిద్యాలయంలో సీమోర్ గ్లాగోవ్ బృందం చూపించింది. శవపరీక్షలో తీసిన గుండె ధమనులను కొలిచి చూస్తే, గోడలో కొవ్వు పూడిక పెరుగుతున్నకొద్దీ నాళం బయటివైపుకు సాగుతూ లోపలి దారిని కాపాడుకుంటోంది. పూడిక నాళం లోపలి చోటులో సుమారు 40 శాతం ఆక్రమించేదాకా దారి ఇరుకైనట్టు తెలియదు. మెదడు ధమనులు కూడా ఇలా బయటికి సాగుతాయని తర్వాత గోడ చిత్రాలే తేల్చాయి. అంటే యాంజియోగ్రామ్‌లో నాళం నున్నగా, నిండుగా కనిపిస్తున్నా గోడ నిండా రోగం ఉండవచ్చు.

ఇప్పుడు చొరబాటు నాళాల దగ్గరికి వద్దాం. అవి ఎలా మూసుకుపోతాయో తెలియాలంటే ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని చూడాలి. ఆ కూర్చున్నవాడు కెనడాలో పుట్టి అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన సి. మిల్లర్ ఫిషర్. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ డాక్టరుగా వెళ్లి, ఓడ మునిగి, జర్మన్ల చేతిలో ఏళ్ల తరబడి ఖైదీగా ఉండి వచ్చాడు. 1960లలో ఆయన పక్షవాతంతో పోయినవాళ్ల మెదడును పల్చని పొరలుగా, ఒకదాని తర్వాత ఒకటి కోసి, ఒక్కొక్క చిన్న గాయానికీ రక్తం తెచ్చే నాళాన్ని పుట్టుక దాకా సూక్ష్మదర్శిని కింద వెంబడించాడు. ఒక గాయానికి వందల పొరలు పడతాయి. ఇప్పటి పరిశోధన గ్రాంటుల లెక్కలో ఇలాంటి పనికి డబ్బిచ్చేవారు దొరకరేమో.

ఫిషర్‌కు రెండు రకాల కథలు కనిపించాయి. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఉన్న రక్తపోటు దెబ్బకు చిన్న నాళం గోడే మందమెక్కి, చెడిపోయి, దారి మూసుకుపోయింది. మరికొన్నిచోట్ల చిన్న నాళం మొదట్లో, లేదా అది పుట్టే పెద్ద నాళం గోడలోనే కొవ్వు పూడిక చేరి కొమ్మ నోటిని మూసేసింది. కృష్ణా డెల్టా రైతుకు ఈ రెండో సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పెద్ద కాలువ నిండుగా పారుతూనే ఉంటుంది, తూము నోట్లో మేట వేస్తే దాని కింద మడి మాత్రం ఎండుతుంది. గట్టు మీద నిలబడి కాలువ నీటిని చూసేవాడికి లోపం ఏమీ తెలియదు. ఫిషర్ శిష్యుడు లూయీ కాప్లాన్ 1989లో ఈ జబ్బు మీద ఒక వ్యాసం రాశాడు. దీన్ని అందరూ నిర్లక్ష్యం చేస్తున్నారన్న ఫిర్యాదు ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. నిర్లక్ష్యానికి కారణం ఉంది లెండి. శవపరీక్ష తప్ప దీన్ని నిర్ధారించే దారి అప్పట్లో లేదు. చనిపోయాక తెలిసే జబ్బు పేరు బతికున్న రోగి కాగితం మీద రాయడానికి ఏ డాక్టరుకూ చెయ్యి రాదు.

ఆ దారి వేసింది కొత్త యంత్రం కాదు, ఉన్న యంత్రాన్నే తిరగేసి వాడటం. ఎమ్మారై యంత్రం ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి ఇచ్చే సంకేతంతో బొమ్మ కడుతుంది. ఒకే చోటును మళ్లీ మళ్లీ కదిలిస్తే అక్కడి కణజాలం అలసిపోయినట్టుగా సంకేతం ఇవ్వడం తగ్గించేస్తుంది. బయటి నుంచి అప్పుడే వచ్చిన రక్తానికి ఆ అలసట లేదు కనుక అది ధగధగా మెరుస్తుంది. మామూలు ఎమ్మారై యాంజియోగ్రామ్ కిటుకు ఇదే. దీనికి సరిగ్గా ఎదురు కిటుకు ఇంకొకటుంది. సంకేతం రావాలంటే ఒకే కేంద్రకానికి వరసగా రెండు, ఇంకా ఎక్కువ తరంగాలు తగలాలన్న నియమం పెట్టామనుకోండి. కదలకుండా ఉన్న గోడకు అన్నీ తగులుతాయి. పారే రక్తం మొదటి తరంగం తగిలాక ముందుకు పోతుంది, లేదా దాని కేంద్రకాల లయ చెదిరిపోతుంది. అందుచేత గోడ కనిపిస్తుంది, రక్తం నల్లగా మిగిలిపోతుంది. నల్ల రక్తం ఎమ్మారై అని వైద్యులు పిలుచుకునేది దీన్నే. నాళం బయట చుట్టూ మెదడు నీరు ఉంటుంది. దాన్ని కూడా నల్లబరిస్తేనే గోడ బయటి అంచు తేలుతుంది. రెండు నలుపుల మధ్య సన్నని బూడిదరంగు వలయంగా గోడ బయటపడుతుంది.

చెప్పినంత సుళువు కాదు. 3 టెస్లాల యంత్రంలో, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 60,000 రెట్లలో, ఈ బొమ్మ దాదాపు అర మిల్లీమీటరు గడులతో తయారవుతుంది. ఆరోగ్యమైన గోడ ఒక్క గడి మందం కూడా ఉండదు కనుక సరిగా కనబడదు. అది సరే, మనకు కావలసింది మందమెక్కిన గోడ. మరి గడులు ఇంకా చిన్నవి చేయవచ్చు కదా? గడి భుజాన్ని సగం చేస్తే అందులోని కణజాలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, దాంతోపాటే సంకేతం. పోయిన స్పష్టతను స్కాను సమయం పెంచి తెచ్చుకోవాలంటే 64 రెట్లు కావాలి. పది నిమిషాల పరీక్ష పది గంటలు దాటుతుందన్న మాట. పైగా ఆ పది నిమిషాలే కష్టం. కదలకుండా పడుకోవలసింది పక్షవాతం వచ్చిన మనిషి, చెప్పింది అర్థంకాని స్థితిలో ఉండవచ్చు, యంత్రం చెవుల్లో దడదడలాడుతుంటుంది. తల మిల్లీమీటరు జరిగితే గోడ మసకబారిపోతుంది. అందుకే ఇది అత్యవసర పరీక్ష కాదు. పక్షవాతం మొదలైన తొలి గంటల్లో చేయవలసింది మామూలు సీటీ, యాంజియోగ్రామ్, గడ్డ కరిగించే మందు, అవసరమైతే గడ్డను బయటికి లాగేయడం. గోడ సంగతి ఆ తుఫాను తగ్గాక.

కనిపించిన గోడ ఏం చెబుతుంది? ముందు దాని ఆకారం. కొవ్వు పూడిక గోడలో ఒక పక్కే చేరుతుంది, వలయం ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా ఉంటుంది. నాళాల వాపు జబ్బుల్లో ఎక్కువగా వలయం చుట్టూ ఒకే తీరున మందమెక్కుతుంది, గాడోలినియం మందు ఎక్కిస్తే చుట్టూ మెరుస్తుంది. నాళం కొన్ని వారాలపాటు బిగుసుకుపోయి తర్వాత దానంతటదే వదులయ్యే జబ్బు ఒకటుంది. అందులో గోడ పెద్దగా మెరవదు. ఈ మూడూ యాంజియోగ్రామ్‌లో ఒకేలా, ఇరుకైన నాళంగా కనిపించగలవు. చికిత్సలు మాత్రం వేరు. కొవ్వు పూడికకు ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్. నాళాల వాపుకు రోగనిరోధక శక్తిని అణిచే మందులు, అవి పొరపాటున ఇస్తే మధుమేహ రోగికి షుగరు ఎక్కడికో పోతుంది. గోడ చిత్రాలకు ఆస్పత్రుల్లో అసలు గిరాకీ తెచ్చింది ఈ తేడాలే అని నా అభిప్రాయం. 2017లో అమెరికా న్యూరోరేడియాలజీ సంఘం నిపుణులు ఈ పరీక్షకు మార్గదర్శకాలు ప్రచురించారు.

తర్వాత పూడిక స్వభావం. ఈ మధ్యే పక్షవాతం తెచ్చిన పూడిక గాడోలినియంతో బాగా మెరుస్తుంది. అక్కడ వాపు ఉందని, గోడ లోపలి పొర కారుతోందని దాని అర్థం. నెలలు గడిచాక ఆ మెరుపు చాలామందిలో తగ్గుతుంది. పూడికలోనే రక్తస్రావమైతే, పాతబడిన హీమోగ్లోబిన్ మారిన రూపం ఇంకో రకం బొమ్మలో తెల్లటి మచ్చగా కనిపిస్తుంది. ఒకే మనిషి మెదడులో నాలుగైదు చోట్ల పూడిక ఉండటం మామూలే. వాటిలో ఈసారి ముంచింది ఏదో ఈ మెరుపులు చూసి పట్టుకోవచ్చు. అయితే మెరిసిందల్లా దోషి అనుకోకూడదు. తీగ దూర్చి గడ్డను లాగేసిన చోట గోడ గీరుకుపోయి కొన్నాళ్లు మెరుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది మూడో సంగతి, పూడిక ఉన్న చోటు. చొరబాటు నాళాలు పుట్టేది పెద్ద నాళం పై అంచు, వెనక అంచుల నుంచి అని చెప్పుకున్నాం. బీజింగ్‌లోని పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి వైద్యులు 2011లో ప్రచురించిన పరిశీలనలో, మధ్య మస్తిష్క ధమనిలో పూడిక ఎక్కువగా ముందు అంచున, కింది అంచున చేరుతోందని తేలింది. కొమ్మలు పుట్టే వైపు తక్కువ. అదృష్టమే. పక్షవాతం వచ్చినవాళ్లలో మాత్రం పై అంచు పూడిక ఎక్కువగా కనిపించింది. నాళం ఎంత ఇరుకైందన్నది ఒక్కటే లెక్క అనుకుంటే ఈ తేడా అంతుపట్టదు. పూడిక పరిమాణం ఒకటే అయినా, కిందికి చేరితే ఏళ్ల తరబడి ఊరకే పడి ఉంటుంది, పైకి చేరితే ఒక కొమ్మ నోరు మూస్తుంది. ఫిషర్ పొరలు కోసి చెప్పిన కథ ఇక్కడ బతికున్నవాళ్లలో మళ్లీ కనబడింది.

ఈ పని చైనాలో, కొరియాలో, హాంకాంగ్‌లో ఇంత ముమ్మరంగా సాగడం కాకతాళీయం కాదు. ఐరోపా సంతతి వాళ్లలో పూడిక ఎక్కువగా మెడ ధమనిలో చేరుతుంది. ఆసియా జనంలో పుర్రె లోపలి ధమనుల్లో చేరుతుంది. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో సుభాష్ కౌల్, ఆయన సహచరులు పక్షవాతం రోగుల వివరాలు నమోదు చేసి 2002లో ప్రచురించినప్పుడు తేలిందీ ఇదే ధోరణి, మన దగ్గర పెద్ద నాళాల జబ్బులో పుర్రె లోపలిదే ఎక్కువ. ఎందుకన్నదానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. రక్తపోటు, మధుమేహం పాత్ర గట్టిదే. పుర్రె లోపలి ధమనుల నిర్మాణం కూడా వేరు. ఒంట్లో తక్కిన ధమనులకుండే బయటి సాగుడు పొర వీటికి ఉండదు, బయటి తొడుగు పల్చన. పూడిక పుర్రె లోపల చేరడంవల్ల మనకొక చిక్కుంది. మెడ ధమనిని అల్ట్రాసౌండుతో చవకగా చూసేయవచ్చు. ఎముక అడ్డుండటంతో పుర్రె లోపల ఆ స్పష్టత రాదు. మెడ డాప్లర్ నార్మల్ అని ఊపిరి పీల్చుకునే అవకాశం లండన్ రోగికి ఉన్నంతగా వరంగల్ రోగికి లేదు.

మెడ ధమనిలో పూడికను కోసి తీసేయవచ్చు. పుర్రె లోపల అది కుదరదు కనుక, గుండెకు వేసినట్టే స్టెంట్ వేస్తే సరిపోదా అన్నది చాలాకాలం ఊరించిన ఆలోచన. అమెరికాలో శామ్‌ప్రిస్ అనే పరీక్ష దీన్ని తేల్చడానికి పూనుకుంది. 70 శాతానికి పైగా ఇరుకైన మెదడు ధమని ఉండి, ఆ మధ్యే పక్షవాతం లేదా దాని హెచ్చరిక వచ్చిన 451 మందిని రెండు గుంపులు చేశారు. అందరికీ గట్టి మందులిచ్చారు, సగం మందికి అదనంగా స్టెంట్ వేశారు. 2011లో మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది. 30 రోజుల్లో పక్షవాతం గాని మరణం గాని సంభవించినవాళ్లు స్టెంట్ గుంపులో 14.7 శాతం, మందుల గుంపులో 5.8 శాతం. స్టెంట్ వేసిన వెంటనే రక్తం అందక వచ్చిన పక్షవాతాల్లో చాలావరకు ఇలాంటి చొరబాటు నాళాల ప్రాంతంలోనే వచ్చాయి. విప్పుకున్న స్టెంట్ పూడికను పక్కకు నెట్టి కొమ్మల నోళ్లలోకి తోసిందని వైద్యుల అనుమానం. స్టెంట్ వేసేవారు చూస్తూ పనిచేసింది మోనిజ్ నాటి రకం బొమ్మనే. అందులో దారి ఎంత వెడల్పైందో కనిపిస్తుంది, పూడిక ఏ పక్కకు పోయిందో కనిపించదు. గోడ చిత్రం ముందే చూసి, పై అంచున పూడిక ఉన్నవాళ్లను వదిలి, తక్కినవాళ్లకు స్టెంట్ వేస్తే ఫలితం మారుతుందా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఇప్పటికైతే మొదటి చికిత్స మందులే.

ఇదంతా పెద్ద నాళం గోడ సంగతి. చొరబాటు నాళాల మాటేమిటి? అందుకు అయస్కాంతం బలం పెంచాలి. 7 టెస్లాల యంత్రాల్లో ఈ నాళాలు ఏ మందూ ఎక్కించకుండానే సన్నని గీతల్లా కనిపిస్తాయి. దక్షిణ కొరియాలో జాంగ్ హీ చో బృందం ఇందులో ముందుంది. రక్తపోటు ఉన్నవాళ్లలో కనిపించే కొమ్మల సంఖ్య తక్కువగా ఉందని ఆ బృందం 2009లో చూపించింది. కనిపించలేదంటే మూసుకుపోయినట్టా, రక్తం నెమ్మదించి మెరుపు తగ్గినట్టా అన్నది వేరే చిక్కు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ వైద్యులు ఆ ప్రశ్నను ఇంకోలా పట్టుకున్నారు. ఆకారంతో పనిలేకుండా, అదే బలమున్న యంత్రంతో, ఈ సన్నని నాళాల్లో రక్తం వేగాన్ని, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ వేగంలో వచ్చే ఎగుడుదిగుళ్లను కొలుస్తున్నారు. ఆ వేగం సెకనుకు కొద్ది సెంటీమీటర్లే. వైద్యంలో వాడటానికి 7 టెస్లాల యంత్రానికి అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది 2017లో. ధర సంగతి అలా ఉంచి, అందులోకి పోతుంటే కొందరికి కళ్లు తిరుగుతాయి, ఒంట్లో లోహపు పరికరాలున్న చాలామందిని అసలు పంపరు. అంత బలమున్నా చొరబాటు నాళం గోడ మాత్రం ఇంకా అందలేదు. లోపలి ప్రవాహమే కనిపిస్తోంది. పెద్ద నాళాల విషయంలో మోనిజ్ నిలబడ్డ మెట్టు మీదే ఈ చిన్న నాళాల విషయంలో మనమిప్పుడు నిలబడ్డాం.

గోడ చిత్రానికి ఇంకో ఉపయోగం, మందు పనిచేస్తోందా అని చూడటం. స్టాటిన్ వేసుకుంటే రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఆ సంగతి నెల తిరక్కుండా తెలుస్తుంది. మెదడు నాళంలోని పూడికకు ఏమవుతోందో అది చెప్పదు. దక్షిణ కొరియా వైద్యులు అంతవరకు స్టాటిన్ వాడని పక్షవాత రోగులకు పెద్ద మోతాదు ఇచ్చి, మొదట్లో ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి గోడ చిత్రాలు తీసి, 2020లో ఫలితం ప్రచురించారు. పూడికలో మెరిసే భాగం తగ్గింది. అయితే పోల్చి చూడటానికి స్టాటిన్ ఇవ్వని గుంపు అందులో లేదు. పక్షవాతం తర్వాత స్టాటిన్ ఆపి పెట్టి ఎవరినైనా పరీక్షించడం ఇప్పుడు న్యాయం కాదు కనుక, అలాంటి గుంపు ఇకముందూ ఉండదు. మందుకు తగ్గిందెంత, కాలానికి చల్లారిందెంత అన్నది అందువల్ల విడదీయడం కష్టం. మెరుపు తగ్గడం రోగికి మేలు చేస్తుందా అన్నది తెలియాలంటే మెరుపు తగ్గినవాళ్లను, తగ్గనివాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి, రెండో పక్షవాతం ఎవరికొచ్చిందో లెక్కపెట్టడమే మిగిలిన దారి.